అత్తగారి బార

ఆ ఊళ్ళో రెండో పంటకి వరి వెయ్యాలా వద్దా అన్నది మబ్బులు తేల్చవు, విత్తనాల కొట్టాయనా తేల్చడు. తాడు తేలుస్తుంది. వానలు ఆగిన ఐదో వారం, పొద్దున్నే ఊరి నడిబావి మూత తీసి, చివర ఇనుప గుండు కట్టిన తాడుని లోపలికి వదులుతారు. గుండు నీళ్ళకి తగిలి టప్పుమంటుంది. అక్కడికి ఎన్ని బారలు దిగిందో చూసి, ఆ అంకెని కళ్లంలో నిలబడి గొంతు చించుకుని అరిచి చెబుతారు. ఎనిమిది బారలకి నీళ్ళు అందితే అందరూ వరి వేసుకోవచ్చు. ఎనిమిది దాటి పది లోపయితే సగం పొలంలోనే వరి. పది దాటిందా, ఇక వరి ఊసెత్తకూడదు. జొన్నలో, ఉలవలో, నువ్వులో, తక్కువ నీళ్ళతో బతికేదేదో చల్లుకుని ఊరుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇదే కట్టుబాటు. దీనికి కాగితం లేదు, సంతకం లేదు, మీరినవాడూ లేడు.

ఆ తాడు ఇప్పుడు కొలతక్క చేతిలో ఉంది. ఆమెకి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. నలభై అయిదేళ్ళ మనిషి. నడక వేగం, మాట అంతకన్నా వేగం. తను చెప్పింది తప్పని ఎవరైనా అంటే రుజువు చూపించమని వెంటపడుతుంది, రుజువు చూపిస్తే అప్పటికప్పుడు ఒప్పేసుకుంటుంది. రెండో గుణం ఉంది కాబట్టి మొదటి గుణాన్ని ఊరు భరిస్తోంది.

ఆమెకి ముందు ఆ తాడు వాళ్ళ అత్తగారిది. అసలు కట్టుబాటు పుట్టిందే అత్తగారి వల్ల. ఐదడుగులకి రెండు అంగుళాలు తక్కువ మనిషి. నిలబడిందో కూర్చుందో దూరం నుంచి తెలియదని ఊళ్ళో వేళాకోళం. ముప్ఫై అయిదేళ్ళ కిందట అందరూ ఎవరికి తోచినట్టు వాళ్ళు వరి వేస్తే, వేసవి సగంలోనే తాగే నీళ్ళు అయిపోయి, పశువుల్ని తోలుకుని ఊరు ఊరంతా మూడు నెలలు వలసపోయింది. వానలు పడి తిరిగొచ్చాక ఆవిడ ఒక తాడు పుచ్చుకుని, రెండు చేతులూ బారచాపి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఒక బార అని లెక్కపెడుతూ, బార బారకీ ఒక ఎర్ర గుడ్డ పీలిక కుట్టింది. నాలుగేళ్ళు బావిని కొలిచి చూసింది. వానలు ఆగాక నీళ్ళు పది బారల కింద ఉన్న ప్రతిసారీ వేసవిలో నడిబావి ఎండుతోందని పట్టుకుంది. అప్పట్నుంచీ ఆ పొట్టి చేతులే ఊరికి కొలబద్ద.

మధ్యలో ఒక అధికారి వచ్చి ఇదేం మోటు పద్ధతి అని మీటర్ల టేపు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. ఆ ఏడు కళ్లంలో మీటర్లలో చెబితే ఊరు ఊరంతా బిక్కమొహం వేసుకుని, "అది సరే, ఎన్ని బారలో చెప్పు తల్లీ" అంది. టేపు సంగతి అక్కడితో సరి.

ఇక ఈ ఏడాది సంగతి. పోయిన వేసవిలో ఊరివాళ్ళంతా కలిసి పై వాలు మీద కందకాలు తవ్వారు. వాన నీళ్ళు పరుగెత్తి వాగులో పడిపోకుండా, అక్కడక్కడే ఆగి నేలలోకి ఇంకాలని ఆశ. ఇంటికి ఇద్దరు చొప్పున మూడు నెలలు తవ్వారు. చేతులు బొబ్బలెక్కాయి, నడుములు పట్టేశాయి, తవ్వే చోట పడిన తగువులకి రెండిళ్ళ మధ్య మాటలు కూడా లేకుండా పోయాయి. తీరా చూస్తే వానలు మూడో వంతు తగ్గాయి. ఏముంది, ఈసారి పది దాటుతుంది అని అందరూ నీరుగారిపోయి కళ్లంలో నిలబడితే, కొలతక్క వచ్చి ఎనిమిది అని అరిచింది! మంచి వానలు పడిన పోయినేడే తొమ్మిది. వాన తగ్గితే నీళ్ళు పెరిగాయి! ఆ రోజు ఊరి సంబరం చూడాలి. మాటలు లేని రెండిళ్ళవాళ్ళూ ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. పక్క ఊళ్ళ వాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చి కందకాలు చూసి, అడుగులు లెక్కపెట్టుకుని వెళ్ళారు. ఇక్కడివాళ్ళు భుజాలెగరేసుకుంటూ వాళ్ళకి దగ్గరుండి చూపించారు. ఇంటింటా వరి నారు పోశారు. నారు జానెడు ఎదిగి, ఇంకో ఐదు రోజుల్లో నాట్లు.

ఆ పొద్దున్న కొలతక్క పశువుల కొట్టం ఊడుస్తుంటే పెరటి బావి దగ్గర్నుంచి అత్తగారి సణుగుడు వినిపించింది.

"నీళ్ళు అందట్లేదే కోడలా. బొక్కెన ఉత్తదే వస్తోంది."

"అత్తయ్యా, నెల రోజుల్నుంచీ ఇదే పాట పాడుతున్నారు. మీకు కళ్ళు మసకేశాయి. నీళ్ళు బాగానే ఉన్నాయి, తాడు ఎనిమిదంది."

"తాడు ఎనిమిదంటే నేనేమన్నా కాదన్నానా? బొక్కెన ఉత్తదే వస్తోందంటున్నాను."

"బొక్కెన వంచి ముంచాలి. ఉండండి, వస్తున్నా."

చీపురు అక్కడ పడేసి కొంత విసుగ్గానే వచ్చింది. బొక్కెన వదిలింది. తాడు చివరికంటా దిగి చేతిలో బిగుసుకుంది. కింద చప్పుడు లేదు. వంగి చూసింది. బొక్కెన నీళ్ళకి మూరెడు పైన వేలాడుతోంది.

తాడు పైకి లాగుతుంటే దాని నడుమ ఒక అతుకు కనబడింది. ఇంకాస్త లాగితే ఇంకో అతుకు. అత్తగారు ఎప్పుడో చప్పుడు చెయ్యకుండా తాడుకి ముక్కలు కలుపుకుంటూ వచ్చిందన్నమాట. రెండో ముక్క చూడగానే కొలతక్క చెయ్యి ఆగిపోయింది. అరిగిపోయిన పాత తాడు, దాని మీద రెండు ఎర్ర పీలికలు.

"ఇది ఎక్కడిది అత్తయ్యా?"

"మన పాత కొలత తాడే. ఎలకలు కొరికేశాక నువ్వు పారేస్తానన్నావు. గట్టి ముక్క ఒకటి మిగిలితే దాచాను. వస్తువు పారేస్తే చేతికి మళ్ళీ వస్తుందా?"

కొలతక్క ఆ ముక్కని ఊరికే, అలవాటు కొద్దీ, రెండు చేతుల మధ్య చాచింది. ఒక పీలిక ఎడమ చేతిలో ఉంది. రెండోది కుడి చేతి మణికట్టు దాకా కూడా రాలేదు. ఆమె మరీ అంత పొడుగేమీ కాదు. ఇంట్లోకి పరుగెత్తి మేకుకి తగిలించిన కొత్త కొలత తాడు తెచ్చి, వాకిట్లో నేల మీద పాతదాని పక్కన పరిచింది. మొదటి పీలికలు రెండూ కలిపి పెట్టి రెండో పీలికలు చూసింది. కొత్త తాడు మీది పీలిక నిండుగా ఒక మూర అవతల ఉంది.

ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కోనక్కర్లేదు. వానల ముందు ఎలకలు తాడు కొరికితే కొత్త తాడు కొన్నారు. అత్తగారి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. అప్పుడు కొలతక్క మొగుడు, "ఇలా ఇవ్వండి, బార అంటే బారే కదా" అని ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. అతన్ని ఊరంతా నిచ్చెన అంటుంది. అటక మీద సామాను దించడానికి ఇరుగుపొరుగు అతన్నే పిలుస్తారు. ఆ చాచిన చేతుల మధ్య తాడు పట్టుకుని పీలికలు కుట్టింది మాత్రం స్వయానా కొలతక్కే. పన్నెండేళ్ళు తాడు పట్టుకున్న మనిషి, బారకి ఒక మనిషి ఉంటాడన్న సంగతే మరిచిపోయింది.

"అత్తయ్యా, ఒక చెయ్యి చాపండి. నొప్పిలేని చెయ్యి చాలు."

అత్తగారి గుండెల నడుమ నుంచి వేలి కొసకి పాత ముక్క పెట్టి చూసింది. సరిగ్గా సగం. వేలెడు కూడా తేడా లేదు. ఇంకేం అనుమానం లేదు. బారకి మూర తేడా. ఎనిమిది బారలకి ఎనిమిది మూరలు. అత్తగారి బారల్లో అది రెండున్నర. నీళ్ళు ఎనిమిదిలో లేవు, పదిన్నరలో ఉన్నాయి.

కొలతక్క వాకిట్లోనే కూలబడింది. ముందు గుర్తొచ్చింది వరి కాదు, నెల రోజులుగా అత్తగారి మాటకి తను అడ్డం పడిన తీరు. ఉన్న మాట చెబుతుంటే కళ్ళు మసకేశాయని నోరు మూయించింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"నన్ను క్షమించండి అత్తయ్యా. మీ మాటే నిజం."

"అది సరేగానీ, ఇప్పుడేం చేస్తావు?" అంది అత్తగారు. ఆవిడకి చీటికిమాటికి క్షమించే ఓపిక లేదు.

ఏం చెయ్యాలో కొలతక్కకి తెలుసు. చెప్పాక ఏమవుతుందన్నదే తెలియదు. వరి వేస్తే వేసవికి నడిబావి ఎండుతుంది, ఊరు మళ్ళీ పశువుల్ని తోలుకుని బయల్దేరుతుంది. కాబట్టి చెప్పాలి. చెబితే మాత్రం, తప్పు చెప్పిన తాడుని ఇకపైన ఎవడు నమ్ముతాడు? తాడు మాట చెల్లని రోజున ఎవడి బావి వాడిది, ఎవడి మోటారు వాడిది. అప్పుడు ఈ ఏడాది ఒక్కటే కాదు, ముప్ఫై ఏళ్ళ కట్టుబాటే పోతుంది. ఒక్క క్షణం, నాట్లు ఆలస్యం చెయ్యమని ఏదో వంక చెబితే ఎలా ఉంటుందా అని మనసు పక్కకి లాగింది. ఛీ అనుకుని కొంగు బిగించి లేచింది.

నిచ్చెన నారుమడి గట్టు మీద నిలబడి, తను పోసిన నారుని తనే మురిసిపోతూ చూసుకుంటున్నాడు. పెళ్ళాం చెప్పిందంతా విని రెండు చేతులూ ముందుకి చాపి, ఎవరివో అన్నట్టు వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నా చేతులా? ఇవా కొంపముంచినవి?"

"మీ చేతులు వాటి పొడుగున అవి ఉన్నాయి. బుర్ర లేనిది నాకు."

"పోనీ ఒక మాట చెప్పు. అందరూ సగం వెయ్యండి అని చెబితే? తప్పు బయటపడదు, నీళ్ళూ కొంత మిగులుతాయి."

"పదిన్నరకి సగం వరి ఏ కట్టుబాటులో ఉందండీ? ఇవాళ నేను నా పరువు కోసం అర్ధబార దాస్తే, రేపు తాడు పట్టుకునేవాడు ఇంకోటి దాస్తాడు."

నిచ్చెన నారు వైపు ఒకసారి చూసి, గట్టు దిగి, కొట్టంలో కట్టేసిన ఆవులు రెండింటినీ విప్పి తెచ్చి నారుమడిలోకి తోలాడు. అవి ముందు నమ్మలేనట్టు ఆగి, తర్వాత తల దించి మెయ్యడం మొదలెట్టాయి.

"మన నారు ఉండగా వెళ్ళి చెబితే ఎవడు వింటాడే? పద," అన్నాడు. కొలతక్కకి మొగుడి మీద అంత ప్రేమ పుట్టి చాలా ఏళ్ళయింది. చెప్పడానికి అది సమయం కాదు కాబట్టి పద పద అంది.

కళ్లంలో వేలాడదీసిన ఇనుప కమ్మీని కొలతక్కే కొట్టింది. ఆ చప్పుడు వింటే చేతిలో పని వదిలి రావాలి. అరగంటలో కళ్లం నిండింది. ఉతికే బట్టలు బకెట్లో పడేసి వచ్చినవాళ్ళు, పిండి చేతులతో వచ్చినవాళ్ళు, పారలు భుజాన వేసుకుని పొలాల నుంచి వచ్చినవాళ్ళు. నాట్ల తేదీ చెప్పడానికే పిలిచారనుకుని నవ్వుమొహాలతో ఉన్నారు.

కొలతక్క రెండు తాళ్ళూ చేత పట్టుకుని నడిమధ్య నిలబడింది. చుట్టూ తిప్పి చెప్పడం ఆమెకి రాదు.

"నేను తప్పు చెప్పాను. నీళ్ళు ఎనిమిదిలో లేవు. పదిన్నరలో ఉన్నాయి."

ఎవరో నవ్వారు, వేళాకోళమనుకుని. ఆమె పాత ముక్కనీ కొత్త తాడునీ పక్కపక్కన చాచి పట్టుకుంది. ఎలకల సంగతి, అత్తగారి భుజం సంగతి, మొగుడి చేతుల సంగతి, తను పీలికలు కుట్టిన సంగతి, ఒకటీ వదలకుండా చెప్పింది.

"అయితే కందకాలు?" అని ఎవరో నెమ్మదిగా అడిగారు. ఆ గొంతులో దిగులుంది.

"కందకాలు పని చేశాయి. ఐదేళ్ళ కిందట ఇంతే వాన పడితే పన్నెండు బారలు దిగింది, మీ అందరికీ గుర్తే. ఈసారి పదిన్నర. అంటే బారన్నర పైకొచ్చింది. అది మన చేతుల కష్టం, నిఖార్సైనది. మిగతాది మాత్రం నా తప్పు లెక్క."

అప్పుడు మోటారాయన ముందుకొచ్చాడు. అతను నిచ్చెనకి మేనమామ కొడుకు, కొలతక్కకి అన్నయ్య వరస. ఊళ్ళో అందరి మోటార్లూ బాగుచేసేది అతనే, అందరికంటే ఎక్కువ పొలమూ అతనిదే. వరి అంటే పడిచస్తాడు. ఏటా తాడు మాటకి తల వంచుతాడు గానీ, పళ్ళు కొరుకుతూ వంచుతాడు.

"చెల్లెమ్మా, తప్పు ఒప్పుకున్నావు, నీది పెద్ద మనసు. నేను కాదనను. కానీ ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకు. నిన్న ఎనిమిదన్నది ఇవాళ పదిన్నరైంది. రేపు పదిన్నర పన్నెండు కాదని ఏమిటి నమ్మకం? మా మేనత్త చేతులట, మా బావ చేతులట! ఎవరి చేతుల్నో పట్టుకుని మేం నారు తీసి పశువులకి వెయ్యాలా? ఈ తాడు గోల ఇక చాలు. ఎవడి బావి సంగతి వాడికి తెలుసు. ఎవడి బావి చూసుకుని వాడు వరి వేసుకుంటాడు."

నలుగురైదుగురు తలలూపారు. వెనక నుంచి ఒకరిద్దరు "నిజమే" అన్నారు. పొద్దున్న కొలతక్క వాకిట్లో కూలబడి భయపడింది దీనికే. నారు పచ్చగా కళ్ళ ముందు ఉంటే ఎవడికి మాత్రం ఆ మాట తియ్యగా వినబడదు? కొలతక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆలోచించి అడిగింది కాదు, మంటలో అడిగింది.

"సరే అన్నయ్యా. ఎవడి బావి సంగతి వాడికి తెలుసన్నావు కదా. నీ బావి సంగతి చెప్పు. నీ నీళ్ళు ఎక్కడున్నాయి?"

"నా నీళ్ళకేం? బాగానే ఉన్నాయి."

"బాగానే అంటే ఎక్కడ?"

మోటారాయన తలపాగా సర్దుకున్నాడు. మాటకి తడుముకోవడం అతని జన్మలో ఎవరూ చూడలేదు. అంతలో వెనక వరసలోంచి దర్జీ వదిన గొంతు వినబడింది. ఆవిడ ఊళ్ళో అందరి రవికలూ కుట్టే మనిషి, గట్టిగా మాట్లాడ్డం ఎరగదు.

"మా బావి బాగాలేదు."

అందరూ వెనక్కి తిరిగారు.

"బొక్కెన తాడుకి రెండుసార్లు ముక్క కలిపాను. అయినా పొద్దున బురద నీళ్ళొచ్చాయి."

"మరి చెప్పలేదేం వదినా?" అంది కొలతక్క.

"ఏమని చెప్పను? తాడు ఎనిమిదంది కదా. ఊరందరికీ నీళ్ళు పైకొచ్చాయని సంబరపడుతుంటే మాకొక్కళ్ళకే దిగిపోయాయని ఎలా చెప్పుకోను? మా బావి ఊట తప్పిందనుకున్నా. నా ఖర్మ అనుకుని ఊరుకున్నా."

"మీకొక్కళ్ళకే ఏమిటి?" అన్నాడు కూరగాయల తాత, చేతికర్ర నేలకేసి కొడుతూ. "పూడిక చేరిందేమోనని మా బావిలోకి ఇద్దర్ని దింపి రెండుసార్లు తీయించాను. పూడికా లేదు, పాడూ లేదు. మా ఇంటావిడ ఎవరికీ చెప్పొద్దంది. ఈ బావి చూపించే మనవరాలికి సంబంధం కుదుర్చుకున్నాం మరి!"

కళ్లంలో నవ్వు ఒకటి లేచి, ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎందుకంటే నవ్వినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మా చేంతాడుకీ ముక్క పడింది అని ఒకామె. మా మోటారు గాలి పీలుస్తోంది, నేను మోటారు పాడైందనుకున్నా అని ఇంకొకతను. పదిమంది ఒక్కసారే మాట్లాడసాగారు. కొలతక్క మాత్రం మోటారాయన మీది నుంచి చూపు తిప్పలేదు.

అతను తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నీళ్ళందక రెండు పైపులు కిందికి దింపాను నా బావిలో," అన్నాడు నేల చూస్తూ. "నా ఒక్కడిదే అయితే ఏదో అనుకునేవాణ్ణి. ఈ నెలలో పదకొండు ఇళ్ళకి నా చేత్తోనే పైపులు దింపాను. పదకొండు మందీ చీకటి పడ్డాక రమ్మన్నారు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. ప్రతివాడూ మా బావి ఒక్కదానికే ఇలా అయిందనే అన్నాడు. నేనూ ప్రతివాణ్ణీ ఓదార్చి వచ్చాను. నాదీ కలిపి పన్నెండు."

"పన్నెండు బావులకి ఒకేసారి ఊట తప్పుతుందా అన్నయ్యా? నీకు అనుమానం రాలేదా?"

"ఎందుకు రాలేదు? వచ్చింది. కానీ తాడు ఎనిమిదంది కదా చెల్లెమ్మా!"

ఇప్పుడే తాడు గోల చాలన్న మనిషి, పన్నెండు బావుల్లోకి తొంగి చూసి కూడా తాడునే నమ్మాడు.

కొలతక్కకి కోపమూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. పొద్దుట్నుంచీ ఈ ఊరు తాడుని నమ్మదేమోనని భయపడింది. ఇప్పుడు దానికి రెట్టింపు భయం వేసింది. తను ఒక్కతే ఒక్క పూట పొరబడితే, ఇంతమంది కళ్ళున్న మనుషులు కళ్ళు మూసుకుని దాని వెనకే వెళ్ళారు. అందులో తన అత్తగారి మాట కొట్టిపారేసిన తనూ ఒకతే.

"మీకు మతులున్నాయా?" అని అరిచింది, కళ్ళు తుడుచుకోకుండానే. "మీ బొక్కెన మీకు ఉత్తది వస్తుంటే నా తాడుని నమ్ముతారా? అదేమన్నా ఆకాశం నుంచి దిగిందా? మా అత్త చేతులవి! చేతులన్నాక పొడుగూ పొట్టీ ఉంటాయి, తప్పూ ఒప్పూ ఉంటాయి. ఒక్కరు, ఒక్కరు వచ్చి మా బావిలో నీళ్ళు లేవక్కా అని నా తలుపు తట్టి ఉంటే, నారు పొయ్యకముందే ఇది తేలిపోయేది. నన్ను తిట్టాల్సినవాళ్ళు మీ ఖర్మని తిట్టుకుంటూ కూర్చున్నారు!"

తిట్లు తింటున్నా ఎవరి మొహంలోనూ నొప్పి లేదు. నెల రోజులుగా గుండెల మీద పెట్టుకున్న బరువు దిగినట్టు ఉన్నారు. దర్జీ వదిన పక్కింటావిడ చెయ్యి పట్టుకుని, మీకూ రెండు ముక్కలేనా, మాకూ రెండే అని సంతోషంగా లెక్క చెప్పుకుంటోంది.

"అయితే ఇప్పుడేం చేద్దాం చెప్పు," అన్నాడు మోటారాయన.

"వరి లేదు. దాంట్లో మాట లేదు. ఇంకా అదను దాటిపోలేదు, రేపే జొన్నలూ ఉలవలూ చల్లుదాం. రెండోది, ఇకనుంచి నేనొక్కతే కొలిస్తే కుదరదు. ప్రతి ఇల్లూ వారం వారం తన బావి కొలవాలి. కొలిచి దాచుకోవడం కాదు, అరిచి చెప్పాలి."

"ఎవరి బారతో?" అన్నాడు నిచ్చెన, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. ఈసారి నవ్వు ఆగలేదు.

దర్జీ వదిన ఇంటికి పరుగెత్తి కత్తెర తెచ్చింది, కూరగాయల తాత దొడ్లోంచి వెదురు కొట్టించాడు. పాత ముక్క మీద రెండు పీలికల మధ్య ఉన్నంత పొడుగుకి, ఇంటికి ఒకటి చొప్పున కర్రలు కోశారు. కొలతక్క అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చి, ప్రతి కర్రకీ సగంలో గీత పెట్టి, గుండెల నడుమ నుంచి ఆవిడ చేతికి ఆనించి చూశారు. ఆవిడ రెండింటిని వెంట్రుకవాసి ఎక్కువున్నాయని వెనక్కి తిప్పికొట్టింది. ఎవరి కర్ర వాళ్ళు పట్టుకుని, దానితో తాళ్ళకి గుర్తులు కట్టుకోవడానికి పొలాలకీ పెరళ్ళకీ వెళ్ళారు. దారిలోనే కొందరు ఆవుల్ని నారుమడుల్లోకి వదిలేశారు.

కొలతక్క ఇంటికొచ్చి పెరటి బావి దగ్గర తాడుకి పీలికలు కడుతోంది. పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు. ఇంతమంది కళ్లంలో సరేనన్నారు నిజమే. ఇంటికెళ్ళి, కొలిచి, చెడ్డ అంకె కనబడ్డాక గడప దాటి చెబుతారా? దాచుకోవడం అలవాటైన ఊరు. ఆ అనుమానం ఆమెని కుదురుగా ఉండనివ్వడం లేదు.

అప్పుడు పై వాలు మీది నుంచి మోటారాయన గొంతు వినబడింది. ఊరి చివరి ఇంటి దాకా వినబడే గొంతు అది, వరి కోసం ముప్ఫై ఏళ్ళు పోట్లాడిన గొంతు.

"పన్నెండూ ముప్పావూ! నాది పన్నెండు ముప్పావు!"

అందరికంటే పెద్ద రైతు బావి! దానికి జవాబన్నట్టు వాగు వైపు నుంచి ఇంకో గొంతు, "మాది పదకొండు!" అంది. ఆ వెంటనే దర్జీ వదిన, ఎన్నడూ ఎవరూ వినని గొంతుతో, పెరటి గోడ ఎక్కి మరీ అరిచింది. గట్ల మీంచి, పెరళ్ళలోంచి, పాకల వెనక నుంచి ఒకదాని మీద ఒకటి అంకెలు వస్తున్నాయి. పదకొండున్నర. పదకొండు. పన్నెండు. ఒక్కటీ మంచిది కాదు, ఒక్కటీ దాచినది కాదు. కొలతక్క కాసేపు తాడు పట్టుకుని అలాగే నిలబడి వింది. తర్వాత గుండు లోపలికి వదిలింది. టప్పుమంది. పీలికలు లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. తమదే అన్నిటికన్నా అధ్వానం. బావి గట్టు మీదకెక్కి, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊరంతటికీ వినబడేలా అరిచింది.

"మాది పదమూడు!"